గీతల దుర్భిణి, సున్నపు కడీలు

1990 వానాకాలం పంటలో అడవి అంచున ఒక లంబాడీ తండా పోగొట్టుకున్నదేమిటో ముందుగా లెక్క చెబుతాను. వేరుశనగ పదకొండు ఎకరాలు. అందులో నాలుగెకరాల్లో పీకడానికి చెట్టు కూడా మిగల్లేదు, తక్కిన ఏడింటిలో సగం పోయింది. రెండు కుక్కలు. ఒక కాడెద్దు. ఒక మనిషి. చేలు, కుక్కలు అడవి పందుల వల్ల పోయాయి. ఎద్దు, మనిషి పోయింది ఆ పందుల కోసం చేను చుట్టూ కట్టిన కరెంటు తీగ వల్ల. ఆ మనిషి పేరు భీక్యా. పొద్దున్నే కరెంటు పోయింది కదా అని తీగను చుట్టబోయాడు. తీగ చేతిలో ఉండగానే కరెంటు వచ్చింది.

నేను ఆ ఏడు జూన్‌లో మిర్యాలగూడ కలప డిపో నుంచి బదిలీ అయి, పెద్దవూర దాటాక అడవి అంచున ఉన్న సెక్షన్‌లో ఫారెస్టర్‌గా చేరాను. అటవీ శాఖలో ఒక్కో బీటుకు ఒక గార్డు ఉంటాడు. కొన్ని బీట్లు కలిస్తే సెక్షన్. దానికి ఫారెస్టర్ బాధ్యుడు. ఆయన పైన రేంజ్ అధికారి, ఆ పైన డివిజన్ అధికారి. నా చదువు పదో తరగతితో ఆగింది. డిపోలో దుంగల చుట్టుకొలత తీసి ఘనపరిమాణం కట్టీ కట్టీ లెక్క చేతికొచ్చింది. మిగతాది పాత పుస్తకాలు కొనుక్కుని నేర్చుకున్నాను.

భీక్యా పోయిన కొద్ది రోజులకు తండాకు వెళ్ళాను. తీగ కట్టింది అతని తండ్రి లచ్యా నాయక్. ఆ మాట ఆయన ముఖం మీద తండాలో ఎవరూ అనలేదు. ఆయన మాత్రం మళ్ళీ తీగ కడతానంటున్నాడు. ఆ తీగ పోయే దారిలోనే ఆడవాళ్ళు చేతిపంపు నీళ్ళకు నడుస్తారు. భీక్యా భార్య మంగ్తి మోటారు డబ్బాలోని మూడు ఫ్యూజులూ పీకి, నడుముకు కట్టుకున్న సంచిలో వేసుకుని తిరుగుతోంది.

నా ముందే ఆయన చెయ్యి చాపాడు. “ఫ్యూజులియ్యి కోడలా.”

“ఇయ్య మామా.”

“మరి రాత్రిపూట పందులకాడ నువ్వు పంటవా?”

“జంగ్లాత్ సారు కొట్టిస్తడు. ఎప్పుడు సూడు మనల్ని ఆపుడేనాయె వీళ్ళ పని. ఈసారి పందులను ఆపనియ్యి.”

జంగ్లాత్ అంటే అటవీ శాఖ; ఆ సారును నేనే. లచ్యా నా వైపు తిరిగి చెప్పాడు. “ఫ్యూజులు పెద్దవూరల దొరకయా సారూ? పున్నమి దాక సూస్త. ఆ పెద్ద మగపంది పడకుంటె కొత్తయి తెచ్చి తీగ కడుత. నన్ను జైల్ల ఏసుకోండ్రి.”

కేసు పెట్టడం నా చేతిలో పనే. కానీ కేసు పెడితే ఒక తీగ పోతుంది, పక్క చేలో రెండు మొలుస్తాయి. పంది పడితేనే తీగ దిగుతుంది. అప్పటికి పున్నమికి మూడు వారాల పైచిలుకు ఉంది.

పంట పాడుచేసే పందినైనా పై అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా చంపకూడదు. లైసెన్సు తుపాకీ ఉన్నవాడే కాల్చాలి, శాఖ మనిషి పక్కన కూర్చోవాలి, ఎంత దూరం నుంచి కాల్చిందీ నివేదికలో రాయాలి. మా రేంజ్ అధికారి దీనికి సొంతంగా ఒక షరతు కలిపారు: నలభై మీటర్లు దాటితే కాల్చకూడదు. పన్నెండు బోరు తుపాకీ గుండు ఆ దూరం దాటాక పందిని పడగొట్టదు, గాయపరుస్తుంది. గాయపడ్డ పంది అడవిలోకి పోకుండా మనుషుల మీదికి వస్తే ఏమవుతుందో ఆయన ఉద్యోగం కొత్తలో కళ్ళారా చూశారట.

కాల్చడానికి సూర్యాపేట రహీం సాబ్‌ను ఒప్పించాను. ఆయనకు బస్టాండు దగ్గర సైకిల్ దుకాణం. గురి మంచిది. దూరం సంగతి అడిగితే, “నా కంట్లనే టేపు ఉంది సారూ” అన్నాడు. అయితే రోడ్డవతల కరెంటు స్తంభం ఎంత దూరమో చెప్పమన్నాను. నలభై అన్నాడు. టేపు పట్టి కొలిస్తే యాభై రెండు. ఆయన టేపును చేత్తో పట్టుకుని అటూ ఇటూ చూసి, “ఎండకు సాగినట్టుంది” అన్నాడు. ఆయన గురిని నమ్మవచ్చు, అంచనాను నమ్మకూడదని అక్కడే తేల్చుకున్నాను. దూరం చెప్పగల దుర్భిణి కావాలి.

మూడు దుర్భిణీలు చూశాను. మొదటిది మా ఆఫీసుది. ఒక గొట్టంలో బూజు పట్టింది, లోపల కొలత గీతలు లేవు. రెండోది సూర్యాపేటలో ఒక ఫోటో స్టూడియో ఆయనది. ఇరవై రెట్లు పెద్దగా చూపిస్తుందని గొప్పగా చెప్పాడు. నిజమే, చేతి వణుకును కూడా ఇరవై రెట్లు చేసి చూపించింది. పైగా వెలుతురు తగ్గితే అందులో ఏమీ ఆనలేదు. ఎందుకో కారణం ఉంది. దుర్భిణి మీద రెండు అంకెలు రాసి ఉంటాయి. మొదటిది ఎన్ని రెట్లో, రెండోది ముందు అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే కంటికి చేరే వెలుగు చుక్క వెడల్పు వస్తుంది. స్టూడియో దుర్భిణి ముందు అద్దం యాభై; దాన్ని ఇరవైతో భాగిస్తే రెండున్నర. అదే యాభైని ఏడుతో భాగిస్తే ఏడు పైచిలుకు. మసక వెలుతురులో మన కంటిపాప దాదాపు అంత తెరుచుకుంటుంది. పందులు వచ్చేదే మునిమాపు వేళ. కాబట్టి కొనేవాళ్ళు రెట్లు చూసి మోసపోకూడదు.

మూడోది కోదాడలో దొరికింది. ఫిరంగి దళంలో పనిచేసి రిటైరైన ఒక హవల్దారు వేలంలో కొనుక్కున్న ఏడు రెట్ల, యాభై మిల్లీమీటర్ల దుర్భిణి. దాని కుడి గొట్టంలో అద్దం మీదే చెక్కిన కొలత గీతలున్నాయి. వెయ్యి మీటర్ల దూరంలో ఒక మీటరు వస్తువు ఎంత కనిపిస్తుందో దాన్ని ఒక మిల్ అంటారు. ఆ అద్దంలో గీతకూ గీతకూ మధ్య అయిదు మిల్లులు. దాన్ని నేను గడి అనుకునేవాణ్ణి. వస్తువు అసలు కొలత మీటర్లలో తెలిస్తే, దాన్ని వెయ్యితో గుణించి, కనిపించిన మిల్లులతో భాగిస్తే దూరం వస్తుంది. హవల్దారు ఎదురుగా ఆగిన లారీ పక్కన నిలబడ్డ క్లీనరును చూపించి దూరం చెప్పమన్నాడు. లెక్క కట్టి చెప్పాను. ఆయన తలూపాడు.

“చూసేటప్పుడు సగం ఊపిరి వదిలేసి ఆపండి. నిండా పీల్చి పట్టుకుంటే గీతలు ఎగురుతాయండీ. అమ్మను గానీ, పని అయ్యాక తెచ్చిచ్చేయండి” అన్నాడు.

ఒక చిక్కు మిగిలింది. పంది భుజం ఎత్తు ముప్పావు మీటరు అనుకుని లెక్క కడితే, ఎదగని పంది దగ్గర నిలబడినా దూరాన ఉన్న పెద్ద పందిలా లెక్క తేలుతుంది. వేరుశనగలో నిలబడితే కాళ్ళు కనిపించవు. అందుకని పందిని కొలవడం మానేసి, అది వచ్చి నిలబడే చోటును కొలవాలనుకున్నాను. మంగ్తి చేనుకు అడవి వైపు ఎనిమిది కడీలున్నాయి. కడీ అంటే కంచె కోసం పాతే సన్నటి పొడుగాటి నాపరాయి. అనుమతి ఇంకా రాకముందే గార్డును తీసుకుని వెళ్ళి, ఒక్కో కడీ మీద సరిగ్గా మీటరు ఎడంతో రెండేసి సున్నపు గీతలు గీశాను. కడీల వరుసకు నలభై మీటర్ల దూరం టేపుతో కొలిచి మంచె కట్టించాను. మంచె మీద నుంచి చూస్తే ఆ మీటరు అయిదు గళ్ళు నిండింది. నలభై మీటర్లకు ఇరవై అయిదు మిల్లులు, లెక్క సరిపోయింది. కడీల దగ్గర గానీ, వాటికి ఇవతల గానీ నిలబడ్డ పందిని కాల్చవచ్చని రహీం సాబ్‌కు చెప్పాను.

అనుమతి ఆరు పందులకు వచ్చింది. వచ్చేసరికి పున్నమి వారం రోజుల్లోకి దిగింది.

మొదటి సాయంత్రం తండా మీదుగా వచ్చి నేరుగా మంచె ఎక్కాం. పొద్దు గుంకాక గుంపు దిగింది. ఆడపందులు పిల్లలతో పక్క చేలోకి పోయాయి. పెద్ద మగపంది కడీల దగ్గరే ఆగి గాలి పీల్చుతోంది. రహీం సాబ్ తుపాకీ ఎత్తాడు. నేను అలవాటుగా కడీని చూశాను. మీటరు మూడు గళ్ళే నిండింది. అద్దం తుడిచి చూశాను, మూడే. పక్క కడీ చూశాను, మూడే. పదిహేను మిల్లులంటే అరవై ఏడు మీటర్లు.

కాల్చవద్దని ఆయన భుజం పట్టుకున్నాను.

“ఏం సారూ, టేపు పెట్టి నలభై అన్నది మీరే గదా” అన్నాడు గుసగుసగా.

“ఇప్పుడు అరవై ఏడున్నది.”

“పంది నడిస్తె విన్న గానీ, రాళ్ళు నడుసుడు ఎక్కడ వినలే. మీ దుర్బీన్ పాడైంది.”

నేనూ అదే ఆలోచించాను. కానీ గీతలు అద్దం మీద చెక్కినవి, కింద పడ్డా వాటి ఎడం మారదు. సున్నపు గీతలు రాతి మీదివి, అవీ జరగవు. ఇక మారగలిగింది రాయి ఉన్న చోటు ఒక్కటే. కారణం తెలియదు గానీ లెక్కకు మరో దారి లేదు. భుజం వదల్లేదు. పంది కాసేపు నిలబడి, తీరిగ్గా గుంపు వెనక పోయింది. తెల్లారేసరికి అది ఇంకో అరెకరం తవ్వింది.

తుపాకీ పేలలేదని లచ్యా మంచె కిందికి వచ్చాడు. కారణం చెప్తే విన్నాడు. ఆయన కోప్పడకపోవడమే నాకు వింతగా తోచింది. రహీం సాబ్ మాత్రం గుళ్ళు తీసి జేబులో వేసుకుంటూ, “రేపు ఇంకెవర్నన్న పిలుసుకోండ్రి, రాళ్ళు కాల్చేటోణ్ణి” అన్నాడు.

పొద్దున్నే టేపు పట్టాం. అరవై ఏడు. పాత గుంతలు మట్టితో పూడ్చి ఉన్నాయి. లచ్యా నేల చూస్తున్నాడు. అసలు సంగతి చెప్పింది మంగ్తి.

“మీరు సున్నం గీసి పోయిన్రు. జంగ్లాతోళ్ళు సున్నం గీస్తె హద్దు కాదా సారూ? మా తాతల కాన్నుంచి గట్లనే గదా భూములు పోయినయ్. చేన్లకెళ్ళి హద్దు పెడుతున్నరని మామ, ఇంకో నలుగురు మాపటికే పీకి అడవి దిక్కు నాటిన్రు.”

“పీకి పారేయొచ్చు గదా, ముందుకు నాటుడెందుకు?” అని లచ్యాను అడిగాను.

ఆయన మొదటిసారి నా కళ్ళలోకి చూశాడు. “హద్దెట్లన్న పడేదే అయితె, జర దూరంల పడనీయి అనుకున్న.”

రహీం సాబ్ నవ్వు ఆపుకోలేకపోయాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, ఆ దుర్భిణి ఒకసారి ఇమ్మని చేయి చాపి, ఒక్కొక్క కడీ మీద గళ్ళు లెక్కపెట్టాడు. వెళ్ళిపోతానన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

కడీలు వెనక్కి నాటించడానికి వ్యవధి లేదు. తవ్విన వాసనకు పందులు బెదురుతాయి కూడా. అందుకని మంచెనే ముందుకు జరిపించాను. ఈసారి టేపు పక్కన పెట్టి, దుర్భిణిలో అయిదు గళ్ళు నిండిన చోటే గుంజలు పాతించాను. ఎందుకు సున్నం గీశానో తండా మొత్తాన్ని పిలిచి, దుర్భిణి ఒక్కొక్కరి కంటికి పెట్టి చూపించాను. మొదటే చేయవలసిన పని అది.

తర్వాత పందులు రాలేదు. మంచె జరిపిన చప్పుడుకు బెదిరి ఉంటాయి. మంగ్తి రోజూ నీళ్ళ బిందె మంచె దగ్గర పెట్టి పోయేది. ఒకరోజు లచ్యా పెద్దవూర నుంచి తిరిగొచ్చి, జేబులోంచి కాగితపు పొట్లం తీసి చూపించాడు. కొత్త ఫ్యూజులు. పున్నమి ఎల్లుండి. దాచకుండా చూపించడం ఆయన పద్ధతి.

పున్నమికి ముందు రోజు మునిమాపున మగపంది ఒంటరిగా వచ్చింది. నాలుగో కడీ పక్కన ఆగింది. గళ్ళు లెక్కపెట్టాను: అయిదు దాటి కొంచెం. ముప్పై తొమ్మిది మీటర్లని రహీం సాబ్ చెవిలో చెప్పాను. ఆయన కాల్చాడు. పంది రెండడుగులు వేసి కడీకి ఆనుకుని పడింది. అనుమతి గడువు ముగిసేలోగా ఇంకో మూడు పడ్డాయి. మిగతా గుంపు అటువైపు రావడం మానేసింది.

మగపంది పడ్డ మర్నాడే లచ్యా తీగంతా చుట్ట చుట్టి తెచ్చి, మా గార్డు సైకిల్ వెనక కట్టాడు. కొత్త ఫ్యూజుల పొట్లం కోడలి చేతికిచ్చాడు. మంగ్తి వాటిని తీసి పెట్టి, సంచిలోని పాతవి మూడూ డబ్బాలో బిగించి మోటారు వేసింది. మిగిలిన వేరుశనగకు అది చివరి తడి.

ఈ పని నాకు నేర్పినవి రెండు. కాల్చబోయే గడియలో, కూర్చున్న చోటు నుంచే దూరాన్ని కొలవాలి; నిన్నటి కొలత నిన్నటిదే. మరొకటి, ప్రభుత్వ మనిషి ఎక్కడైనా గీత గీసే ముందు, అది ఎందుకో ఆ నేల దున్నేవాళ్ళకు చెప్పాలి.

కడీలు జరిగిన సంగతి దాచకుండా రేంజ్ అధికారికి రాసిచ్చాను. ఆయన సర్వేకు రాశారు. సర్వేయర్ వచ్చి చెప్తే ఆ రోజే జరుపుతామని లచ్యా మాటిచ్చాడు. సర్వేయర్ రాలేదు, మాట తప్పవలసిన అవసరం లచ్యాకు పడలేదు. రిటైరయ్యాక ఒకసారి అటు వెళ్ళినప్పుడు ఆ వరుస అక్కడే ఉంది, దాని ఇవతల కంది వేశారు. ఎనిమిది కడీల పొడవునా అడవికి తండా నేటికీ బాకీ ఉన్నది ఇరవై ఏడు మీటర్లు.