వేపచెట్టు మీద హాజరు

గన్‌ఫౌండ్రీలో మా ఆఫీసు వెనక వేపచెట్టుకు గత వారం ఒక చిన్న రికార్డర్ కట్టాను. పొద్దున్నే ఏయే పిట్టలు కూస్తున్నాయో అది వింటుంది. డిజైన్ నెట్‌లో అందరికీ ఉచితం కాబట్టి చౌకగానే తయారైంది. నిచ్చెన పట్టుకున్నది మా వాచ్‌మన్ నర్సింలు.

మొన్న రికార్డింగులు విన్నాను. రోజూ కోయిల కూతల మధ్య ఒక గొంతు గంభీరంగా, "నర్సింలు డ్యూటీకొచ్చిండు. టైం ఆరు" అంటోంది.

కిందికెళ్లి అడిగాను.

"ఔ సార్, నేనే. లేటొస్తున్ననని సూపర్‌వైజర్ రోజూ లొల్లి చేస్తుండు. రిజిస్టర్ల రాసినా నమ్ముతలేడు. మిషిన్ అయితే అబద్ధం చెప్పదు గద," అన్నాడు నర్సింలు.

నిజమే, చెప్పదు. కానీ ప్రతి రికార్డింగు మీదా టైం తనంతట తనే వేసుకుంటుందని ఆయనకు తెలీదు. ఆయన "టైం ఆరు" అన్నది ఒక్కరోజు కూడా ఆరూ నలభైకి ముందు కాదు.

సాయంత్రం సూపర్‌వైజర్ ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. "ఆ డబ్బాల మావోని గొంతు ఉన్నదంట. జర వినిపిస్తరా సార్?"

అందులో పిట్టలు తప్ప ఏమీ లేవన్నాను.

ఉద్యోగం కాపాడానని నేననుకుంటున్నాను. నమ్మించి మోసం చేశానని నర్సింలు అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు. మీరైతే వినిపించేవారా?