పిల్లితో వచ్చిన కిరాయిదారులు

మేడ మీద గది పూర్తయిన రోజు నాకు కాలు ఒకచోట నిలవలేదు. పెళ్లయిన నాటినుంచి కిరాయి ఇళ్లలో ఉండి, గోడకు మేకు కొట్టాలన్నా ఓనర్‌ను అడిగి కొట్టినవాళ్లం. ఇప్పుడు సిద్దిపేటలో సొంత ఇల్లు, పైన కిరాయికిచ్చేందుకు ఒక గది! తెలంగాణ కోసం ఊరంతా రోడ్డు మీదే ఉన్న రోజులవి. మావారు బడిపంతులు. సమ్మెలో ఉన్నారు కాబట్టి పొద్దున్నే చాయ్ తాగి ధర్నాకు బయలుదేరేవారు.

‘గది కిరాయికి’ అని రాసి గేటుకు అట్ట తగిలించిన సాయంత్రమే ఒక ముసలి దర్జీ, ఆయన బీబీ ఆటో దిగారు. ఆమె చేతిలో మూత పెట్టిన వెదురు బుట్ట ఉంది. అందులోంచి ‘మ్యావ్’ అని వినిపించగానే మా అత్తమ్మ కూర్చున్నదల్లా లేచి నిలబడింది.

“పిల్లా? అమ్మో, వద్దు! నా కొడుకు రోజు ధర్నాకు పోతుండు. పొద్దుగాల్నే పిల్లి ఎదురొస్తే ఇంకేమన్న ఉన్నదా?”

“మా ఇంట్ల రోజు ఎదురొస్తది అమ్మా. ఈయన మిషన్ ఏనాడు ఆగలే” అని బీబీ నవ్వింది.

మావారు తల్లి వైపు చూసి, నా వైపు తిరిగారు. “గది కట్టాలని పట్టుబట్టింది నువ్వు. నువ్వే చెప్పు.”

ఎవరూ నన్ను అట్లా అడిగి ఎరగరు. బుట్ట మూత పక్కకు జరిగి, నల్ల చెవుల తెల్లపిల్లి ఒకటి తల బయటపెట్టింది.

“ఉండుర్రి. పిల్లి గూడ ఉంటది” అనేశాను.

అత్తమ్మ విసవిసా లోపలికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత హైదరాబాద్‌లో పెద్ద సభ వచ్చింది. మావారు, తోటి పంతుళ్లు వ్యాన్ మాట్లాడుకున్నారు. ఆయన గడప దాటబోతుంటే పిల్లి మెట్లు దిగి సరిగ్గా కాళ్లకు అడ్డం పోయింది. అత్తమ్మ ఆయన చెయ్యి పట్టి లోపలికి లాగి, కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగించి, “ఇంకింతసేపు కూసో” అంటుండగానే వ్యాన్ వెళ్లిపోయింది. సాయంత్రానికి కబురు తెలిసింది: పోలీసులు దారిలోనే ఆపి అందరినీ పట్టుకుపోయారట.

అత్తమ్మ ముఖం వెలిగిపోయింది. “సూసినవా కొడుకా! పిల్లి నిన్ను కాపాడింది.”

“నన్ను కాపాడమని ఎవలడిగిన్రే అవ్వా! అందరు అరెస్టయితే నేనొక్కన్నే ఇంట్ల కూసున్న” అని మావారు కాలు నేలకేసి కొట్టారు. నేను నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయాను.

మళ్లీ సభ అన్నారు. ఆ పొద్దున చూద్దును కదా, అత్తమ్మ పాల గిన్నె పట్టుకుని మెట్ల కింద నిలబడి, “రా బిడ్డా, రా” అని పిల్లిని బతిమాలుతోంది! పైన బీబీ దాన్ని ఒళ్లో బిగించి పట్టుకుని, “పంతులు పోయినంకనే ఇడుస్త అమ్మా!” అంటోంది. ఈ సందట్లో మావారు పెరటి గోడ దూకి వెళ్లిపోయారు.

మధ్యాహ్నానికి ఆయన్నీ పట్టుకున్నారు. ఊరవతల ఒక ఫంక్షన్ హాల్లో కూర్చోబెట్టారని తెలిసింది. అత్తమ్మ ఏడుస్తుందనుకున్నాను. పొయ్యి వెలిగించింది! బీబీ బగారా అన్నం వండితే, అత్తమ్మ పప్పుచారు చేసింది. ముగ్గురం గిన్నెలతో ఆటో ఎక్కాం.

గేటు దగ్గర పోలీసాయన అడ్డం నిలబడ్డాడు. “అన్నం ఇచ్చి పోండమ్మా. లోపలికి రావద్దు.”

“ఎందుకు రావద్దు? మేము తెలంగాణోళ్లం గాదా? మమ్మల్ని గూడ అరెస్టు చెయ్యి!” అంది అత్తమ్మ. ఆమె పక్కనే నిలబడి బీబీ “జై తెలంగాణ!” అని గట్టిగా అరిచింది. లోపలినుంచి హాలంతా బదులు పలికింది. పోలీసాయన నవ్వు దాచుకుంటూ పక్కకు తప్పుకున్నాడు. నేను గిన్నె చంకన పెట్టుకుని వాళ్లిద్దరి వెనక పరుగెత్తాను.