రేకు డబ్బాలో వైఫై

మా లైను మీద ఫిర్యాదు వస్తే నాకు ఒళ్లు మండుతుంది. మొన్నటి వానలకు కేబుల్ జాయింటులో నీళ్లు దిగి, సంతబొమ్మాళి దగ్గర మా ఊరంతా నెట్ నెమ్మదించిన మాట నిజమే. నిన్ననే బాగుచేశాను. ఊరంతా హాయిగా సినిమాలు చూసుకుంటుంటే రత్నాలమ్మ ఇంట్లో మాత్రం నెట్ కదలడం లేదట!

రత్నాలమ్మ పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు పప్పు మీది పొర తీసింది. ఆమె చేతిలో గుండు పప్పు బద్దలవడం ఎవరూ చూడలేదు. అందుకే ఇచ్ఛాపురంలో ఆ పని కొత్తగా నేర్చుకుంటున్న ఆడవాళ్లకు వీడియోలో చూపించమని అడిగారు. క్లాసు పదకొండింటికి. నేను వెళ్లేసరికి పదిన్నర. ఇస్త్రీ చీర కట్టుకుని, పప్పు పళ్లెం ముందు పెట్టుకుని కూర్చుంది. పళ్లెంలో పప్పును మాటిమాటికీ సర్దుతోంది.

"బాబూ పోలారావూ, నా మొకం ఆలకి అగుపడదేటి?"

గోడ దగ్గర వైరు చూశాను, వేగం పూర్తిగా ఉంది. ఫోనులో చూస్తే నత్తనడక. వైఫై పెట్టె ఎక్కడుందని అడిగాను. మొన్న టెక్కలి కాలేజీకి వెళ్లి అప్పుడే తిరిగొచ్చిన మనవరాలు లావణ్య గూడు చూపించింది. గూట్లో మూత బిగించిన పప్పు రేకు డబ్బా ఉంది. మూతకు చిల్లి పెట్టి వైర్లు లోపలికి దూర్చారు.

"ఇదేటి పెద్దమ్మా?"

"మొన్న లావణ్యే సెప్పింది కదా, నెట్టు నెమ్ముగుందని! నెమ్ము పడితే పప్పయినా డబ్బాలోనే కదా ఏత్తాం."

"నెమ్మదిగుందన్నాను మామ్మా!" లావణ్య నవ్వు ఆపుకోలేక చతికిలబడింది.

నా నవ్వు మాత్రం సగంలో ఆగింది. జాయింటులోంచి గ్లాసుడు నీళ్లు వంపింది నేనే కదా! రోగం పెద్దమ్మ సరిగ్గానే చెప్పింది, మందే బెడిసికొట్టింది. రేకు దాటి సిగ్నల్ రాదని చెప్పి పెట్టెను బయటికి తీశాను. వేడికి వేళ్లు చురుక్కుమన్నాయి.

పదకొండింటికి తెర మీద ఇరవై మంది ప్రత్యక్షమయ్యారు. మొదటి పప్పు చేతికి తగలగానే రత్నాలమ్మ బెదురు పోయింది. పొర ఊడింది, గుండు నిలిచింది.

"మేడమ్, ఇంకోసారి చూపించండి" అంది ఒకామె.

రత్నాలమ్మ గుమ్మం వైపు చూసింది. ఫ్యాక్టరీకి మేడమ్ వస్తే లేచి నిలబడడం అలవాటు. సగం లేచింది కూడా.

"నిన్నే మామ్మా" అంది లావణ్య.

రత్నాలమ్మ చీర సర్దుకుని, ఈసారి వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది.

"ఇటు సూడండమ్మా" అంది.