పురుగులు తినే మొక్కను అడుగుల్లో కొలిచాను

2008 ఆగస్టు. బళ్ళారి నుంచి కుడతిని వెళ్ళే రోడ్డు పక్కన మా నర్సరీ. ఆ ఉదయం షెడ్డులో ఉన్నవాళ్ళం ముగ్గురం: సూపర్‌వైజరుగా నేను, మా ఓనరు శివారెడ్డన్న, మోక హైస్కూలు సైన్సు టీచరు హులిగెమ్మ గారు. బల్ల మీద ఒక వైరు బుట్ట, అందులో చనిపోయిన మొక్కలు మూడు, వంద పేజీల నోటుబుక్కు ఒకటి, పదిహేను రోజుల కిందట నేనే రాసిచ్చిన డెలివరీ చీటీ ఒకటి. బయట రోడ్డు మీద సండూరు నుంచి వచ్చే ఖనిజం లారీలు. వాటిని లెక్కపెట్టడం అప్పటికే మానేశాను.

ముందు మా పని సంగతి కొంచెం చెప్పాలి. నేను బీఎస్సీ హార్టికల్చర్ చదివి అప్పటికి రెండేళ్ళయింది. అవి గనుల డబ్బు ఊరంతా తిరుగుతున్న రోజులు. నెలకు నాలుగైదు కొత్త బంగళాలకు మొక్కలు పంపేవాళ్ళం. వాళ్ళకు మొక్క పెరిగే దాకా ఆగే ఓపిక లేదు. "శుక్రవారం గృహప్రవేశమప్పా, పదడుగుల పామ్ ఆరు కావాల" అని ఫోను వచ్చేది. పేరు కూడా అక్కర్లేదు, ఎన్ని అడుగులో చెబితే చాలు. నా ఆర్డరు పుస్తకంలో ఐదు గడులు ఉండేవి: కొనేవారి పేరు, మొక్క రకం, అడుగులు, ఎన్ని, ఎప్పటికి. వయసుకు గడి లేదు. దాని గురించి ఎవరూ అడగలేదు, నేనూ అనుకోలేదు.

హులిగెమ్మ టీచరు మొదటిసారి వచ్చింది జూలైలో. మోక నుంచి ఒక బస్సు, బళ్ళారిలో దిగి ఇంకో బస్సు. కీటకాలు తినే మొక్కలు కావాలని అడిగారు. ఎనిమిదో తరగతికి ఆ పాఠం చెప్పారట. పిల్లలు నమ్మలేదు. రూప అనే అమ్మాయి ఇంటికెళ్ళి చెబితే, నాలుగు లారీలున్న వాళ్ళ నాయన పడీ పడీ నవ్వాడట.

"చెట్టు ఈగను తింటాదా? కూలికి పొయ్యే ఇంటి బిడ్డ చెప్తే నువ్వు నమ్ముతాండావా, అన్యాడంట. ఆ పిల్ల దాన్నే తెచ్చి క్లాసులో చెప్పింది" అన్నారు టీచరు.

ఆవిడ గొంతులో కోపం లేదు. తన తల్లి ఇప్పటికీ కూలికి వెళ్తుందని ఆవిడే చెప్పారు. "మా అమ్మ గురించి అన్యారని బాధ లేదప్పా. నేను ఆ ఊర్లో ఇంకా శానా ఏండ్లు పాఠం చెప్పాల. ఈ ఒక్కటి సుళ్ళు అనుకున్న్యారంటే, రేపు గ్రహణం గురించి చెప్పినా సుళ్ళే అంటారు." సుళ్ళు అంటే కన్నడంలో అబద్ధం. మా వైపు రెండు భాషలూ ఒకే వాక్యంలో నడుస్తాయి.

నాకు ఆవిడ మీద గౌరవం కలిగింది. అందుకే బెంగళూరు సప్లయరు పంపిన వాటిలో అన్నిటికన్నా పెద్దవి ఏరి పెట్టాను. చీటీలో ఇలా రాశాను: నెపెంథిస్ ఒకటి, ఎత్తు అడుగున్నర. వీనస్ ఫ్లైట్రాప్ రెండు, ఎత్తు ఒక్కొక్కటి అడుగు. నెపెంథిస్ అంటే ఆకు చివర నీళ్ళ కుండలాంటి తిత్తి వేలాడే మొక్క, పురుగు అందులో పడి కరిగిపోతుంది. ఆ తిత్తిని పిచర్ అంటాం. ఫ్లైట్రాప్ ఆకు చివర దవడలాగా మూసుకుంటుంది. ఈ రెండింటికీ బోరు నీళ్ళు పనికిరావు, వాన నీళ్ళే పోయాలని చెప్పి పంపాను.

పదిహేను రోజులకు ఆ మూడూ వైరు బుట్టలో తిరిగొచ్చాయి.

నేను ముందు అన్న మాట: "నీళ్ళు ఎక్కువైనాయేమో మేడమ్."

నర్సరీలో పనిచేసే మేమందరం అనే మొదటి మాట ఇదే. మొక్క ఎందుకు చచ్చినా సరే, ఈ మాట అంటే కొన్నవాళ్ళు తలదించుకుని వెళ్ళిపోతారు. ఎందుకంటే ఎన్ని నీళ్ళు పోశామో ఎవరూ రాసిపెట్టుకోరు.

టీచరు నోటుబుక్కు నా ముందుకు జరిపారు. "చూడప్పా. దినమూ టైము, ఎన్ని గ్లాసులు, ఎవురు పోసినారు, అన్నీ రాసుండాది. వాన నీళ్ళే పట్టి పోసినాము. యాడ ఎక్కువైనాయో నువ్వే చూపీ."

చూపడానికి ఏమీ లేదు. పుస్తకం కన్నడంలో ఉంది, ఐదారు రకాల చేతిరాతలు. పిల్లలు వంతులవారీగా రాశారు. నీళ్ళ లెక్క నేను చెప్పినట్టే ఉంది. చదువుతూ పోతే ఇంకో సంగతి కనిపించింది. మూడో రోజు: కొత్త ఆకు వచ్చింది, కుండ లేదు. ఏడో రోజు: కొత్త ఆకు వేలంత పెరిగింది, కుండ లేదు. పదో రోజు: పాత కుండ ఒకటి ఎండింది. పన్నెండో రోజు: కొత్త ఆకు వాడింది.

శివారెడ్డన్న అంతలో కలగజేసుకున్నాడు. "వదిలేయమ్మా, ఏమైతాది. ఈ తూరి ఇంకా పెద్దది తెప్పిస్తాం. మూడడుగులది! పిల్లోళ్ళు చూసి బెదరాల."

నేను నెపెంథిస్ కాండం పట్టుకుని పైకి లాగాను. ఏ బలమూ అక్కర్లేకుండా వచ్చేసింది. కింద వేరు లేదు. కత్తితో కోసిన అంచు అలాగే ఉంది. పెద్ద తీగ నుంచి కోసి, తొట్టిలో గుచ్చి పంపిన కటింగ్ అది. నేను చూసి మురిసిపోయిన పిచర్లు నాలుగూ తల్లి తీగ మీద ఉన్నప్పుడు వచ్చినవి. ఈ మొక్క తనంతట తాను చేసిన పిచర్ ఒక్కటీ లేదు. ఒడ్డూ పొడుగూ చూస్తే నాలుగైదేళ్ళ మొక్క. నిజానికి అది ఇంకా మొదలే కాలేదు.

ఫ్లైట్రాపుల సంగతి ఇంకా సిగ్గుచేటు. నేను రాసిన అడుగు ఎత్తు పూల కాడది. ఫ్లైట్రాప్‌ను ఎత్తులో కొలవరు. పై నుంచి చూసి ఈ ఆకు కొస నుంచి ఆ ఆకు కొస దాకా కొలవాలి. బాగా ఎదిగినది అరచేయంత ఉంటుంది. ఇవి రెండంగుళాలు కూడా లేవు. అంత చిన్న మొక్క అంత కాడ తోస్తే ఉన్న బలమంతా పైకి పోతుంది. అమ్మే ముందు కాడ కత్తిరించాలి. కాడ ఉంటే పొడుగ్గా కనిపిస్తుందని నేను ఉంచేశాను.

"తప్పు నాది మేడమ్" అన్నాను. శివారెడ్డన్న నా వైపు ఒకలాగా చూశాడు. మా షెడ్డులో ఆ మాట అంతకుముందు ఎవరూ అని ఉండరు. ఏం తప్పో రెండు మొక్కలూ చూపించి వివరంగా చెప్పాను.

టీచరు నోటుబుక్కు మూసి అన్నారు: "పిల్లోళ్ళు నన్ను అనుమానపడితే పడనీ. పదహైదు దినాలు నేనే నన్ను అనుమానపడ్న్యానప్పా. పొద్దున బడికి పోతానే ఫస్టు వాటి ముందర నిలబడుకుంటాంటి. ఏం తక్కువ చేసినానా అని."

నీళ్ళు ఎక్కువైనాయని ఎంతమందిని ఇలా ఇంటికి పంపానో అనిపించింది.

ఇంకో మొక్క ఇద్దామంటే పనికొచ్చేది లేదు. ఉన్న నెపెంథిస్‌లు రెండూ కటింగులే. లేచి నిలబడిన టీచరు షెడ్డు చివర నీడలో ఉన్న ట్రే దగ్గర ఆగారు. "ఈ ఎర్రగా ఉండేవేంది?"

"సన్‌డ్యూ అంటారు మేడమ్. ఆకు మీద జిగురు బొట్లుంటాయి, పురుగులు అంటుకుంటాయి. కానీ ఇవి పిల్ల మొక్కలు. ఏడాదన్నా ఆగాలి." సప్లయరు ఊరికే పంపితే పక్కన పెట్టినవి అవి. ట్రే మీద నేనే చీటీ అంటించాను: చిన్నవి, అమ్మకానికి కాదు. ఒక్కొక్కటి రూపాయి బిళ్ళంత ఉంటుంది, నేలకు అతుక్కుని.

ఆవిడ కూర్చుని, వంగి, చాలాసేపు చూశారు. "మా అమ్మోళ్ళది సండూరు పక్క పల్లె. వానాకాలం కొండ కింద తడి నేలలో ఇవి ఉంటాండె. మేము కూచుని లేస్తే లంగాలకు బంక అంటుకునేది. పేరు తెలీదు." వేలితో ఒక సన్నని కాడ చూపించారు. "ఇదేంది మరి?"

"పూల కాడ."

"దాని పక్కన?"

"కాయ."

"పూసింది, కాయ కట్టింది. దాన్ని పిల్ల మొక్కంటావేందప్పా? శనక్కాయ చెట్టు జానెడే ఉంటాది. కాయ పట్టినాక దాన్ని ఎవురన్నా పిల్లదంటారా?"

శివారెడ్డన్న పగలబడి నవ్వాడు. "బీయస్సీ అప్పా మావాడు! సుమ్నే, ఊరికే అనుకున్నావా?"

నవ్వినా తప్పు లేదు. సన్‌డ్యూ గురించి నేను పరీక్షలో రాశాను. ఈ రకం కొన్ని నెలల్లోనే పూసి, విత్తనం రాల్చి పోతుంది, దాని పూర్తి సైజే రెండు మూడు సెంటీమీటర్లు అని మార్కుల కోసం రాసిన వాణ్ణి. రోజూ అడుగులు రాసే చేయి ఆ ట్రే మీద 'చిన్నవి' అని రాసేసింది. పెద్దవనుకున్న ఆ మూడు మొక్కలూ ఎదగనివి, ట్రేలో చిన్నవనుకున్నవి ఎదిగినవి. ట్రే మీది చీటీ చింపేశాను.

"ఇవి నేనే తెచ్చిస్తాను మేడమ్. శనివారం మీ క్లాసు ఎన్ని గంటలకు?"

శనివారం బడికి ఆరు సన్‌డ్యూలు, ఒక భూతద్దం, ఒక సీసా వాన నీళ్ళు తీసుకెళ్ళాను. దారి పొడుగునా దుమ్ము. జిగురు మీద దుమ్ము పడితే పురుగు అంటదు, అందుకని ట్రేను తడి గుడ్డతో కప్పి బైకు ట్యాంకు మీద పెట్టుకుని మెల్లగా పోయాను. బల్ల మీద పెట్టి గుడ్డ తీయగానే ముందు వరుసలో ఒకమ్మాయి లేచింది. రూప అని తర్వాత తెలిసింది.

"సార్, ఇది చెట్టా? మా ఇంటి నీళ్ళ ట్యాంకి మీద పాచి ఇంతకన్నా దొడ్డగుంటాది."

క్లాసంతా నవ్వింది. టీచరు కూడా నవ్వారు. "ఇట్ల రా రూపా. అద్దం పట్టుకో. నేనేమీ చెప్పను. ఏం కనపడితే అది నువ్వే చెప్పు."

ట్రేను కిటికీ దగ్గరికి జరిపాం. బయట నీళ్ళ తొట్టి ఉంది, సన్న దోమలు ఎప్పుడూ ముసురుతుంటాయి. రూప వంగింది. ముందు నవ్వుతూనే ఉంది. ఒక దోమ వచ్చి ఆకు అంచు మీద వాలింది. ఈ రకం సన్‌డ్యూ అంచు వెంట్రుకలు నిమిషంలోపే వంగుతాయి, నాకు తెలుసు. అయినా లోలోపల సెకన్లు లెక్కపెట్టాను. టీచరు గోడకు ఆనుకుని, చీర కొంగు రెండు చేతులతో పట్టుకుని ఉన్నారు.

"మిస్..." అంది రూప. "అది కదులుతాండాది మిస్."

"ఏది?"

"చెట్టు! ముడుచుకుంటాండాది. పట్టుకునింది మిస్, పట్టుకునింది!"

"ఏం పట్టుకునింది? గట్టిగా చెప్పు, వెనకోళ్ళకు వినపడల్లేదు."

రూప తల ఎత్తి క్లాసు వైపు తిరిగింది. "దోమను పట్టుకునింది. నిజంగానే తింటాదప్పా!"

బెంచీలు ఖాళీ అయ్యాయి. అందరూ కిటికీ దగ్గరే. టీచరు కొంగు వదిలేసి, సుద్దముక్క రూప చేతికిచ్చి, ఎన్ని పడతాయో బోర్డు మీద గీతలు పెట్టమన్నారు.

ఆ సోమవారం నా ఆర్డరు పుస్తకంలో పురుగులు తినే మొక్కలకు వేరే పేజీ పెట్టాను. అడుగుల గడి తీసేశాను. ఇప్పుడు ఎవరైనా కొనడానికి వస్తే నాలుగు సంగతులు చూసి తీసుకోమంటాను. చెప్పిన సైజు ఎత్తుదా, ఆకు కొస నుంచి కొసకా, లేక తొట్టిదా. ఈ తొట్టిలోకి వచ్చి ఎన్నాళ్ళయింది. అన్నిటికన్నా కొత్త ఆకు పిచర్‌నో దవడనో చేసిందా, పాతవి ఎన్ని ఉన్నా లెక్క కాదు. ఆ రకం పూర్తిగా ఎదిగితే ఎంత ఉంటుంది. కొందరు విసుక్కుని వెళ్ళిపోతారు, పెద్దది ఇయ్యప్పా చాలు అంటారు. చచ్చిన మొక్క తిరిగొస్తే నీళ్ళ మాట ఎత్తను. ముందు వేరు చూస్తాను.

ఆ శనివారం బడి గంట కొట్టేసరికి బోర్డు మీద రూప పెట్టిన గీతలు ఇరవై మూడు.