చదును చేసిన వాకిళ్లు

మా పెదనాన్నకి బురద అంటే ఒళ్లుమంట. వాన పడితే చాలు, ఎవరి వాకిట్లో నీళ్లు నిలిచాయా అని వీధంతా తిరిగి చూసొచ్చేవాడు. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు బట్టీ దగ్గర పనిచేశాడు. సీసం తీసేశాక మిగిలే నల్లటి చిట్టెం అక్కడ గుట్టలుగా పడి ఉండేది. ఎవరైనా పట్టుకుపోతే అదే పదివేలు అనుకునేవాడు మేస్త్రీ. సెలవు రోజుల్లో పెదనాన్న దాన్ని తోపుడు బండి నిండా తెచ్చి, వాకిళ్లలో పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో చదును చేసేవాడు. ఆ తర్వాత అక్కడ చుక్క నీరు నిలిస్తే ఒట్టు. ఎవరింట్లోనూ మంచినీళ్లు తప్ప ఏమీ పుచ్చుకునేవాడు కాదు. వీధిలో ఆయనకి చదును పెద్దాయన అని పేరు. ఆ పిలుపు విన్నప్పుడు ఆ ముఖం చూడాలి!

ఫ్యాక్టరీ మూతపడి పదేళ్లయింది. ఈ ఏడు మట్టి పరీక్షలు చేసే అమ్మాయి ఒకతె వచ్చి, సీసం కలిసిందని ఫ్యాక్టరీ ప్రహరీ లోపలి మట్టీ, గోడ పక్క ఇళ్ల మట్టీ తవ్వి తీసేయించాలని జాబితా మొదలుపెట్టింది. మా వీధి చాలా దూరం కాబట్టి అందులో లేదు. ఆ వారమే పెదనాన్న మనవరాలికి, నాలుగేళ్ల పిల్లకి, రక్తంలో సీసం ఉందని తేలింది. ఎక్కణ్ణుంచి వచ్చిందో డాక్టరుకి అంతు పట్టలేదు. పిల్ల తల్లి, మా వదిన, వాటివల్లేనేమోనని ఇంట్లో గిన్నెలన్నీ బయట పారేసింది. పెదనాన్నకి మాత్రం తెలిసిపోయింది, నాకొక్కదానికే చెప్పాడు. ఆ పిల్ల పాకడం నేర్చుకున్నదే ఆయన చిట్టెం పోసిన వాకిట్లో.

రెండు రోజులు ఆయన ముద్ద మింగలేదు. జాబితా శుక్రవారంతో ముగుస్తుంది. నోరు విప్పకపోతే ఆ వాకిళ్లు అలాగే ఉండిపోతాయి. విప్పితే ఇన్నేళ్ల మంచి పేరు మంటగలుస్తుంది. నాకు కోపం ఆగలేదు.

"నీ పరువు ముఖ్యమా పెదనాన్నా, పిల్లలు ముఖ్యమా?" అని అరిచేశాను. అరిచాక నా మీద నాకే అసహ్యం వేసింది.

"ఎవరెవరింట్లో పోశానో నాకొక్కడికే గుర్తుందే. పద," అన్నాడు.

గురువారం పొద్దున్నే ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని బయల్దేరాం. ముందు సొంత వాకిలే చూపించాడు. వదిన పిల్లని చంకనేసుకుని లోపలికెళ్లి తలుపు వేసుకుంది. ఆ తర్వాత ప్రతి గుమ్మం ముందూ అదే మాట. "ఇదీ నేనే పోశాను. రాసుకోమ్మా." కొందరు, తెలిసి చేశారా ఏంటి అన్నారు. ఒకాయన నోటికొచ్చినట్టు తిట్టాడు. పెదనాన్న తల వంచుకుని అన్నీ విన్నాడు.

ఎనిమిదో ఇల్లు టైలరమ్మది. ఆవిడ మిషను తొక్కుతోంది. ఇరవయ్యేళ్ల కూతురు పక్కన కూర్చుని గుండీలు కుడుతోంది. ఆ పిల్ల మూడో తరగతి దాటలేదు. అంతా విని టైలరమ్మ మిషను ఆపింది.

"సీసం పిల్లల ఒంట్లోకి పోతే ఏమవుతుందమ్మా?"

"చదువు సరిగ్గా ఎక్కకపోవచ్చండీ," అంది మట్టి పరీక్షల అమ్మాయి. "మీ పాపకి దానివల్లే అని ఇప్పుడు చెప్పలేం గానీ..."

"ఎక్కాలు రావట్లేదని దీన్ని స్కేలు విరిగేదాకా కొట్టాను బాబాయ్."

పెదనాన్న వాకిట్లోనే కూలబడ్డాడు. "నన్ను తిట్టమ్మా," అన్నాడు.

ఆవిడ తిట్టలేదు. కూతురి చెయ్యి తీసుకుని, అరచెయ్యి తిప్పి చూస్తూ ఉండిపోయింది.

"ఇప్పుడెందుకమ్మా?" అంది ఆ పిల్ల. "అప్పుడే తగ్గిపోయిందిగా."