వెల్డా ఎంచుకున్న రివెట్ గన్

వెల్డా అన్‌రూ ముప్పై ఒక్క ఏళ్లు విచిటా నగరంలోని విమానాల ఫ్యాక్టరీలో రెక్కల రేకుల్ని కలిపే రివెట్లు కొట్టింది. ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. ఎందుకని అడిగితే, "ఒక్కో రెక్కలో ఎన్ని రివెట్లు ఉంటాయో నాకు తెలుసు. వాటిలో ఎన్ని సోమవారం పొద్దున నిద్రకళ్లతో కొట్టినవో కూడా తెలుసు" అనేది.

ఆమె ఇల్లు మా వీధి చివర. ఇంటి పక్కన రేకుల షెడ్డులో ఒక ట్రైలర్ ఉండేది. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే అల్యూమినియం ఇల్లు, కోడిగుడ్డును పొడుగ్గా సాగదీసినట్టు. లోపల రెండు మంచాలు, ఒక పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి. 1957లో వాళ్ల నాన్న కొన్నాడు. వెల్డా చిన్నప్పుడు ప్రతి వేసవిలోనూ ఇల్లంతా అందులో ఎక్కి కొలరాడో కొండలకు పోయేవాళ్లట. తర్వాత యాభై ఏళ్లు అది షెడ్డు గుమ్మం దాటలేదు. అడుగు రేకులనుంచి తుప్పులా తెల్లటి పొడి రాలేది. కప్పు మీద వడగళ్ల గుంటలు. పాత రివెట్లలో సగం వదులైపోయి, వేలితో నొక్కితే కదిలేవి.

నాన్న ఆ బండిని వెల్డాకూ, తమ్ముడు లైల్‌కూ కలిపి రాసి పోయాడు. చిక్కు అక్కడే వచ్చింది. లైల్ శనాదివారాల్లో బేస్‌బాల్ మైదానం దగ్గర పొగబెట్టిన మాంసం అమ్ముతాడు. ఆ ట్రైలర్ పక్క గోడ కోసి పెద్ద కిటికీ పెడితే మంచి కొట్టు అవుతుందని అతని ఆలోచన. ఎక్కడ కొయ్యాలో చాక్‌పీసుతో గీత కూడా గీసి పెట్టుకున్నాడు. వెల్డాకు మాత్రం అందులో పడుకుని ఆరెగన్ తీరానికి వెళ్లాలని ఉంది. డెబ్భై రెండేళ్లొచ్చినా ఆమె సముద్రం చూడలేదు.

"అది కారే డబ్బా అక్కా. వానొస్తే మంచం మీద ఈత కొట్టాలి" అన్నాడు లైల్, మే నెలలో ఒక ఆదివారం.

"కారకుండా చేస్తే?"

"నువ్వా?"

"కాదు, మన వీధిలో పిల్లి. నేనేరా."

లైల్ నవ్వి గడ్డం గోక్కున్నాడు. "సరే. సెప్టెంబరులో మన ఊరి ఓల్డ్ సెట్లర్స్ పండగ రోజున, ఊరందరి ముందు, ఫైరింజన్ గొట్టంతో పావుగంట నీళ్లు కొట్టిద్దాం. లోపల ఒక్క చుక్క కనిపించకపోతే బండి నీది. నా వాటా సంతకం పెట్టేస్తా. చుక్క కనిపించిందా, సోమవారం పొద్దున్నే రంపంతో వస్తా."

"రా. కాఫీ కూడా ఇస్తా" అంది వెల్డా.

ఆ సాయంత్రమే ఆమె, ఫ్యాక్టరీలో తనతో పనిచేసిన ఆర్డిస్ ఇంటికి వెళ్లింది.

రివెట్ కొట్టడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. బయట ఒకరు గన్ పట్టుకుని రివెట్ తల మీద కొడుతుంటే, లోపల ఇంకొకరు దాని తోక మీద ఉక్కు దిమ్మె ఆనించి పట్టుకోవాలి. దెబ్బలకు తోక నలిగి బొత్తాంలా పరుచుకుంటుంది. ఇద్దరికీ మధ్య రేకు అడ్డం. ఒకరికొకరు కనిపించరు, ఆ మోతలో మాట వినిపించదు. అందుకని ఫ్యాక్టరీలో లోపలి మనిషి దిమ్మెతో రేకు మీద తట్టి చెప్తుంది. ఒక తట్టు అంటే ఇంకా కొట్టు. రెండు తట్లు అంటే బాగుంది, పద. మూడు అంటే పాడైంది, తొలిచి తీసెయ్.

పందొమ్మిదేళ్లు వెల్డాకు దిమ్మె పట్టిన మనిషి ఆర్డిస్ గోయెరింగ్. ఆ మోతలోనే ఆమె చెవులు పోయాయి. ఇప్పుడు అస్సలు వినిపించదు. పెదాలు చూసి మాట పట్టుకుంటుంది, తాను మాత్రం పక్క వీధికి వినపడేలా మాట్లాడుతుంది.

"ట్రైలర్‌కి రివెట్లు కొట్టాలే" అంది వెల్డా.

"అరవకు. నోరు తిప్పితే చాలు" అంది ఆర్డిస్. "ఎన్ని?"

"తొమ్మిది వందలు."

"నా దిమ్మె ఇంకా వంటింట్లోనే ఉంది. అక్రోట్లు పగలగొడుతున్నా దాంతో. గన్ ఏది?"

గన్ లేదు. ఫ్యాక్టరీవి ఫ్యాక్టరీలోనే ఉండిపోయాయి. తర్వాతి వారం ఒక రైతు ఇంట్లో వేలంపాట జరిగితే, పాత సామాన్ల బల్ల మీద వెల్డాకు ఒక గన్ కనిపించింది. తాను రెక్కల దగ్గర వాడిన రకమే. నాలుగో నంబరు. నంబరు పెరిగేకొద్దీ దెబ్బ బరువు పెరుగుతుంది. చేతిలోకి తీసుకోగానే వేళ్లు వాటంతటవే పాత చోట్లకు వెళ్లి కూర్చున్నాయట. ఇంకేమీ చూడకుండా తెచ్చేసుకుంది.

ఆ తప్పు విమానాల ఫ్యాక్టరీ వాళ్లు తప్ప ఇంకొకరు చేసి ఉండరు. కొత్తవాళ్లయితే భయపడి ముందు చిత్తు రేకు మీద కొట్టి చూస్తారు. వెల్డా గన్‌ను నడిపే గాలి ఒత్తిడిని ఫ్యాక్టరీలో లాగే పెట్టి, నేరుగా కొత్త రేకు మీదే మొదలుపెట్టింది. లోపలినుంచి ఆర్డిస్ ప్రతిసారీ రెండు తట్లు తట్టింది. తోకలన్నీ చక్కగా బొత్తాల్లా ఉన్నాయి మరి. ఇరవై రెండు రివెట్లు గంటలో అయిపోయాయి. పదేళ్లు తగ్గినట్టు ఇద్దరూ పాటలు పాడుకుంటూ ఇంట్లోకి వెళ్లి, మిరప బీన్స్ కూరలో దాల్చినచెక్క రొట్టె ముంచుకుని తిన్నారు.

మర్నాడు పొద్దున లైల్ వచ్చాడు. ఎండ వాలుగా రేకు మీద పడుతోంది.

"అక్కా, బండికి అమ్మవారు పోసిందా?"

వెల్డా వచ్చి చూసింది. ప్రతి రివెట్ చుట్టూ గుండ్రంగా ఒక సొట్ట. రెక్కల రేకు మందం. ట్రైలర్ రేకు దానిలో సగం కూడా ఉండదు, పైగా మెత్తన. లోపలున్న ఆర్డిస్‌కు ఆ సొట్టలు కనపడే వీల్లేదు. బయట ఉన్న వెల్డా చూడాల్సింది, చూడలేదు. ఆర్డిస్‌ను పిలిచి, గాలి తగ్గించి ఇంకోటి కొట్టి చూసింది. గన్ బద్ధకంగా ధబ్ ధబ్ మంటూ పది దెబ్బలు తీసుకుంది. తోక గట్టిపడి అంచు పగిలింది. ఆర్డిస్ మూడు తట్లు తట్టింది.

లైల్ నిజంగా చెడ్డవాడు కాదు. తన వ్యాన్‌లోంచి బ్యాటరీతో నడిచే గన్ తెచ్చి ఇచ్చాడు. దానికి బోలు రివెట్లు. బయటినుంచే దూర్చి మీట నొక్కితే అదే లాగి బిగిస్తుంది.

"నీ బొటనవేలు ఎలాగూ సరిగా వంగదు. దీనికి బలం అక్కర్లేదు, గాలి గొట్టం అక్కర్లేదు, లోపల మనిషి అక్కర్లేదు. నాలుగు రోజుల్లో అయిపోతుంది. పందెం పందెమే, కానీ నువ్వు చెయ్యి విరగ్గొట్టుకుంటే నాకేం సంబరం?"

వెల్డా చిత్తు రేకు మీద ఒకటి బిగించింది. నిజంగానే ఏ కష్టమూ లేదు. ఆ రేకును తొట్టి మీద పట్టుకుని కాఫీ డబ్బాతో నీళ్లు పోసింది. కాసేపటికి రివెట్ మధ్యలోని సన్నటి బొక్కలోంచి ఒక చుక్క కిందికి జారింది.

"జిగురు పూస్తే ఆగుతుంది" అన్నాడు లైల్.

"ఎన్నాళ్లు ఆగుతుంది?"

"పండగ వరకు ఆగుతుంది."

"నేను పండగ కోసం చేయడం లేదు" అని గన్ అతని చేతిలో పెట్టేసింది.

తర్వాత ఆమె చేసిన పని, గన్‌ను ఎంచుకోవడం. మొదటిసారి అలవాటుకొద్దీ తెచ్చుకుంది. ఈసారి ఎంచుకోవడానికే ఒక రోజంతా కేటాయించింది. విచిటా దక్షిణాన రూడీ ఒర్నెలాస్ అని ఒకాయనకు పాత పనిముట్ల దుకాణం ఉంది. రిటైరైన ఫ్యాక్టరీ మనుషుల గన్‌లన్నీ చివరికి ఆయన అలమారలోకే చేరతాయి. వెల్డా ట్రైలర్ అడుగునుంచి కోసిన రేకు ముక్కలు, మందుల సీసాలో యాభై రివెట్లు, గన్ మూతికి తగిలించే, రివెట్ తలకు సరిపడే గిన్నెలాంటి కొన, పక్కన దిమ్మెతో ఆర్డిస్‌ను తీసుకుని వెళ్లింది.

"అందరూ పట్టుకుని చూసి కొంటారు. మీరు వండుకుని తిని చూసేలా ఉన్నారే" అన్నాడు రూడీ.

"వండాల్సింది నేను కాబట్టి" అంది వెల్డా. "గాలి గొట్టం ఎక్కడుంది?"

దుకాణం బల్ల అంచుకు రేకు బిగించారు. ఆర్డిస్ వెనక పక్క స్టూలు మీద కూర్చుని దిమ్మె ఆనించింది. మూడో నంబరు గన్‌లు రెండు చూశారు. సొట్ట తగ్గింది కానీ పోలేదు. రూడీ రెండో నంబరువి తీశాడు. ఒకటి కొత్తది, మెరుస్తోంది. ఇంకొకటి పాతది, పిడి మీద నలుపు రంగు అరిగి ఇత్తడి కనిపిస్తోంది.

"కొత్తది తీసుకోండి మేడమ్. ఆ పాతదాన్ని ఎవరూ అడగరు. నేను తలుపుకి అడ్డం పెడుతుంటా."

కొత్తదానితో కొడితే రివెట్ బాగానే కూర్చుంది. ఆర్డిస్ రెండు తట్లు తట్టింది. వెల్డా రేకును కిటికీ వెలుగులో అటూ ఇటూ వంచి చూసింది. సొట్ట లేదు. రూడీ రసీదు పుస్తకం తీశాడు.

"ఆగండి" అని వెల్డా పాతది అందుకుంది. రివెట్ లేకుండానే, కొనను చెక్క మీద ఆనించి మీట మీద వేలు పెట్టింది. మెల్లగా, ఇంకా మెల్లగా. గన్ ముందు పిల్లి గొంతులా గురగురమంది. వేలు కొంచెం బిగిస్తే కొంచెం వేగం. వదిలితే ఆగింది. అప్పుడు రేకు మీద రివెట్ పెట్టి కొట్టింది. మెత్తగా మొదలై, మధ్యలో ఊపందుకుని, మళ్లీ మెత్తగా ముగిసింది. రెండు సెకన్లు పట్టిందేమో.

ఆర్డిస్ తట్టలేదు. స్టూలు మీంచి లేచి బల్ల చుట్టూ నడిచి వచ్చి, ఆ పాత గన్ వైపు వేలు చూపించింది.

"ఏదే అది?"

"పాతది" అని పెదాలు కదిపింది వెల్డా.

"కొత్తది నొక్కగానే మీద పడుతోంది, నాకు మణికట్టు దాకా తగిలింది. ఇది వచ్చే ముందు చెప్పి వస్తోంది" అంది ఆర్డిస్, దుకాణం అంతా దద్దరిల్లేలా. "తలుపు ఈయన ఇంకో దాంతో ఆపుకుంటాడు."

రూడీ రసీదు పుస్తకం మూసి, పాతదానికి నూనె వేసి ఇచ్చాడు.

సొట్టల రేకును తొలిచి తీసేశారు. కొత్త రేకు కోసి పెట్టారు. జూన్, జులై, ఆగస్టు నెలలు ఆ పనిలోనే పోయాయి. ఎండెక్కితే అల్యూమినియం ముట్టుకోలేం కాబట్టి తెల్లారి అయిదింటికి మొదలుపెట్టి తొమ్మిదింటికి ఆపేవాళ్లు. రేకు మీద రేకు ఎక్కే చోట మైనంలాంటి లేపనం రాసి, ఒక్కో రివెట్ కొట్టాక వెల్డా కళ్లద్దాలు పైకి తోసి, వాలు వెలుగులో చూసి అప్పుడు రెండోదానికి వెళ్లేది. ఆ పొద్దుల్లో మా వీధిలో అలారం పెట్టుకునే పని ఉండేది కాదు. గుర్రుమని ఒక శబ్దం, ఆగి రెండు తట్లు. వారానికి రెండుమూడుసార్లు మూడో తట్టు వినిపించేది. ఆ వెంటనే వెల్డా తిట్టు, ఆ తర్వాత డ్రిల్లు మోత. తొమ్మిదింటికి ఇద్దరూ మెట్ల మీద కూర్చుని క్యాబేజీ, మాంసం కూరిన బన్నులు తింటూ ఆరెగన్ పటం మీద గీతలు గీసేవాళ్లు.

పండగ రోజున లైల్ తన వ్యాన్‌తోనే ట్రైలర్‌ను పార్కులోకి లాగాడు. మాంసం చుట్టే గులాబీ రంగు కాగితం చుట్టలు రెండు తెచ్చి, నేలంతా, మంచాల మీదంతా తానే పరిచాడు. ఆ కాగితం మీద ఒక్క చుక్క పడినా ముదురు మచ్చ తేలుతుంది. లోపలి గోడ చెక్కలు ఇంకా బిగించలేదు. రివెట్ తోకలన్నీ వరసగా కనిపిస్తున్నాయి.

"లోపల నేనుంటా" అంది ఆర్డిస్.

"నువ్వు ఆమె మనిషివి" అన్నాడు లైల్.

"తర్వాత నువ్వొచ్చి చూసుకో. నీ కాగితం అబద్ధం చెబుతుందా?" అని బూట్లు విప్పి, దిమ్మె చేత్తో పట్టుకుని లోపలికెళ్లి తలుపేసుకుంది.

వాలంటీర్ ఫైర్‌మన్ వెండెల్ గొట్టం తిప్పాడు. ముందు కప్పు, తర్వాత కిటికీల అంచులు, ఆ తర్వాత లైల్ చూపించిన చోటల్లా. చాక్‌పీసు గీత ఉన్న గోడ మీద లైల్ రెండు నిమిషాలు ఎక్కువే కొట్టించాడు. ఆ గీత కొట్టుకుపోయి నీళ్లలో తెల్లగా కారింది. బాండు మేళం వాళ్లు కూడా వాయించడం ఆపి వచ్చి నిలబడ్డారు. వెల్డా గన్ మీట నొక్కే వేలు లంగా మడత మీద కదులుతూ ఉంది.

పావుగంట అయింది. గొట్టం ఆగింది. బండి ఒంటి మీంచి నీళ్లు గడ్డిలోకి జారుతున్నాయి. లోపలినుంచి అలికిడి లేదు.

"తలుపు తియ్యమను" అన్నాడు లైల్.

"ఆమెకు వినపడదు. చూడనీ" అంది వెల్డా. తొమ్మిది వందల తోకలు. ఆర్డిస్ ఒక్కోదాన్ని వేలితో తడుముతోందని ఆమెకు తెలుసు. మేము ఎంతసేపు నిలబడ్డామో చెప్పలేను. వెండెల్ రెండుసార్లు గొట్టం చుట్టి మళ్లీ విప్పాడు.

టక్.

వెల్డా తల ఎత్తింది.

టక్.

రెండు. ఆ పార్కులో మిగతా అందరికీ అది ఉత్త చప్పుడు. వెల్డా అరచేయి తడి రేకు మీద ఆనించింది. మూడోది వస్తే సోమవారం రంపం. ఆమె చేయి అక్కడే ఉంది. మూడోది రాలేదు.

"సంతకం పెట్టు" అంది వెల్డా.

"ఇంకా చూడలేదు కదా అక్కా."

"చూసుకుని పెట్టు."

లైల్ బూట్లు విప్పి లోపలికెళ్లాడు. కాగితం మీద మోకాళ్ల మీద పాకి, మంచాల కింద, పొయ్యి వెనక చూశాడు. ఒకచోట మచ్చ కనిపించి కేకేశాడు కానీ, అది అతని నుదుటి చెమటే. ముట్టుకుని, నాలుకకు రాసుకుని, ఉప్పగా ఉందని తానే ఒప్పుకున్నాడు. బయటికొచ్చి, ఆ గులాబీ కాగితంలోంచే ఒక ముక్క చించి, వ్యాన్ బానెట్ మీద పెట్టి తన వాటా అక్కకు రాసిచ్చాడు.

"అమ్మడానికి ఏముంది నీ దగ్గర? ఆకలేస్తోంది" అంది వెల్డా.

ఆ రోజు లైల్ అక్కకీ, ఆర్డిస్‌కీ పళ్లెం నిండా మాంసం వడ్డించాడు. వెండెల్‌కి రెండుసార్లు పెట్టాడు. బాండు మళ్లీ మొదలైంది. ఆర్డిస్ ట్రైలర్ మెట్టు మీద కూర్చుని, ఆ మెట్టు మీదే దిమ్మెతో తాళం వేసింది, పాట మాత్రం వేరే ఏదో.

అక్టోబరు మొదటి వారం ట్రైలర్ మా వీధి మలుపు తిరిగింది. ముందు కారులో వెల్డా డ్రైవరు సీట్లో, పటం ఒళ్లో పెట్టుకుని పక్కన ఆర్డిస్. పాత గన్ వెనక సొరుగులో ఉంది, దారిలో ఏదైనా వదులైతే పనికొస్తుందని. మూడు వారాలకు నాకు ఒక పోస్టుకార్డు వచ్చింది. ఒక పక్క బూడిద రంగు సముద్రం. వెనక పక్క వెల్డా రాత: "నాలుగు రోజులుగా వాన. లోపల పొడిగా ఉన్నాం. లైల్‌కి చూపించు."