బోధన్ బురద, సువార్తమ్మ బూడిద

మురుగునీటి అడుగున పేరుకునే బురదలో కొవ్వు ఉంటుంది. దాన్ని తీసి డీజిల్ చేయడమే నా పరిశోధన. రెండుసార్లు తెచ్చిన బురద దారిలోనే పాడైంది. మూడోసారీ అంతే అయితే అంశం మార్చుకోమన్నారు మా సారు. అందుకే ఐస్ పెట్టె పట్టుకుని పొద్దున్నే ఐదున్నరకు హైదరాబాద్‌లో బస్సెక్కాను.

తొమ్మిదిన్నరకు నిజామాబాద్. బస్టాండులో ఇడ్లీ తిని బోధన్ బస్సులో కూర్చున్నాను. చెరకు బండ్ల వెనక బస్సు నత్తనడక నడిచింది. పక్కనున్న పెద్దాయన పెట్టె చూసి, "ఐస్‌ఫ్రూట్ అమ్ముతవా బిడ్డా?" అన్నాడు. బురద కోసం పోతున్నానంటే జాలిగా చూశాడు. "సదువుకున్నోళ్లకు గిదేం పని" అన్నాడు.

పదకొండుకు దిగాను. ఊరి మురుగు చేరే కుంట దగ్గర పనిచేసే సువార్తమ్మ ఎదురొచ్చింది. క్రితంసారి నేను గట్టు మీద జారిపడితే చెయ్యి పట్టి లేపింది ఆవిడే. ఈసారి నన్ను కుంట దాకా రానివ్వలేదు.

"నువ్వొచ్చేలోపే తీసిపెట్టిన బిడ్డా. బస్సుల కంపు కొట్టొద్దని పొయ్యిల బూడిద గూడ కలిపిన" అంటూ డబ్బా మూత తీసింది.

బూడిద కలిస్తే ఆ కొవ్వు సబ్బవుతుంది గానీ డీజిల్ కాదు. అసలే నాకు ముక్కు మీద కోపం. "ఎవరు కలపమన్నరు పెద్దమ్మా? అంత ఖరాబైంది" అనేశాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. నా నోటిని నేనే తిట్టుకున్నాను.

సువార్తమ్మ పొడుగు కర్రకు కట్టిన డబ్బా తీసుకుని మళ్లీ కుంటగట్టుకు నడిచింది. నేనూ వెంట వెళ్లి గిన్నె పట్టుకున్నాను.

"ముప్పై ఏండ్ల సంది గీడనే ఉన్న. నేను తానం చేసినంకనే మా మనుమరాలు దగ్గరికొస్తది" అంది బురద వంపుతూ. "నిజంగ గీ బురదతోని బండి నడుస్తదా?"

"నడుస్తది. బూడిద కలపకపోతే."

ఆవిడ నవ్వింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆవిడ ఇంట్లో జొన్నరొట్టె, పప్పు తిని, పెట్టెలో కొత్త ఐస్ నింపించి, రెండింటి బస్సెక్కాను. ఈ పని మీద ఇటు వచ్చేవాళ్లెవరైనా ఉంటే ఐస్ బోధన్‌లోనే నింపుకోండి, కామారెడ్డి దాటినా కరగలేదు.

పెట్టె ఎంత బిగించినా వాసన ఆగలేదు. కండక్టర్ నన్ను వెనక సీటుకు పొమ్మన్నాడు. అక్కడున్న నలుగురూ ఒక్కొక్కరే లేచి ముందుకు వెళ్లి నిలబడ్డారు. నా చుట్టూ అన్నీ ఖాళీ సీట్లు. అవమానంతో చెవులు కాలాయి. పక్కనుంచి మనుషులు లేచిపోవడం ఎలా ఉంటుందో సువార్తమ్మకు ముప్పై ఏళ్లుగా తెలుసు. అది నాకు తెలియకూడదనే బూడిద కలిపింది.